లేజెల్‌ని బోనులోనే వదిలేయమన్న మహానుభావుడికి

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్, బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో ఎవర్ని వెంట తీసుకెళ్లొద్దో చెప్పేది. ముందు మా ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో పడింది, తర్వాత మా పిన్ని కొడుకు పంపాడు, నిన్న రాత్రి బొబ్బిలి నుంచి మా బావ పంపి కింద "కరెక్టే కదరా" అని కూడా రాశాడు. కరెక్ట్ కాదు బావా. కొత్తగా ఆడేవాడు ఎవడో మూడు వేలు పోసి ఆట కొనుక్కుంటాడు, మా విజయనగరం నెట్‌లో 150 జీబీ దిగడానికి సిస్టమ్ ఆన్‌లో పెట్టి పడుకుంటాడు, పొద్దున్న లేచి ఈ మెసేజ్ చదివి సగం ఆటని మొదటి గంటలోనే అవతల పారేస్తాడు. అదీ నా మంట.

చూడనోళ్ల కోసం చెప్తా. "బాల్డర్స్ గేట్ 3లో టీమ్‌లోకి తీసుకోకూడని నలుగురు" అని హెడ్డింగు, పక్కన నాలుగు పుర్రె బొమ్మలు. గేల్ అనే మంత్రగాడు మన మ్యాజిక్ వస్తువులు తినేస్తాడు కాబట్టి వద్దు. హాల్సిన్ ఎలుగుబంటి అవ్వడం తప్ప ఏమీ చెయ్యడు కాబట్టి వద్దు. విల్‌కి పెర్సనాలిటీయే లేదు, వద్దు. ఇక లేజెల్ అయితే పొగరుబోతు, థాంక్స్ చెప్పదు, మన పీక మీదే కత్తి పెడతాది, ఆట మొదట్లో వేలాడే బోనులోంచి అసలు దింపొద్దు, "ఇలాంటి ఆడదాన్ని ఆటలో కూడా భరించాలా" అంట. చివర్లో బెస్ట్ టీమ్ అని ఆస్టారియన్, షాడోహార్ట్, కార్లాక్ పేర్లు, పది గ్రూపులకి పంపమని దండం బొమ్మ. స్పాయిలర్లు ఉంటాయి, 2023 ఆగస్టులో వచ్చిన ఆట ఇది, ఇప్పుడొచ్చి నన్ను తిట్టొద్దు.

గేల్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. వస్తువులు తింటాడు, నిజమే, మొదటి యాక్ట్‌లో (ఆటలో మొదటి భాగం) రెండు మూడు. నీ దగ్గరున్న మంచి కత్తే పెట్టమని ఎవులు చెప్పారు? సంచీ అడుగున ఎప్పటికీ తొడగని ఉంగరాలూ చేతి తొడుగులూ పడుంటాయి కదా, అవి పడెయ్. కొన్నాళ్లకి ఎల్మిన్‌స్టర్ అనే ముసలి మంత్రగాడు వచ్చి ఆ ఆకలి ఆపేస్తాడు, అక్కడితో సరి. బదులుగా నీకు దొరికే ప్రతి విజర్డ్ స్క్రోల్‌నీ (మంత్రం రాసున్న కాగితం) మంత్రం లెవెల్‌కి 50 గోల్డ్ చొప్పున తన మంత్రాల పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు, ఐదో లెవెల్‌కి ఫైర్‌బాల్ వేస్తాడు. మనిషి వాగుడుకాయే, కాదన్ను. గేల్ కథ మ్యాజిక్ దేవత మిస్ట్రా దగ్గర ఎంత లోతుకి పోతాదో చెప్పాలంటే ఇంకో రోజు కావాలి, తినేస్తాడన్న ఏడుపుకి మాత్రం ఇది చాలు.

హాల్సిన్ దగ్గర ఒక షాక్ ఇస్తా. ఆ పాయింటు నేను ఒప్పుకుంటున్నా. గాబ్లిన్ క్యాంప్ బోనులోంచి విడిపించినప్పుడు ఎంత ఊపుంటాదో, రెండో యాక్ట్‌లో థానియెల్ అనే ఆత్మని కాపాడే పని అయ్యాక అంతా చల్లారిపోద్ది. పైగా అదే యాక్ట్‌లో జహీరా వస్తాది, ఆవిడా హాల్సిన్‌లాగే డ్రూయిడే (జంతువులుగా మారే ప్రకృతి మంత్రగాళ్లు), ఆవిడకి 1998లో వచ్చిన మొదటి ఆట నుంచీ కథుంది, మాటలకి పదునుంది. ఇద్దర్లో ఒకర్ని పెట్టుకోవాలంటే నేనూ జహీరానే పెట్టుకుంటా. హాల్సిన్ అభిమానులు క్షమించాలి, ఆయన క్యాంప్‌లో మంటకాడ నిలబడితేనే అందం.

ఇక అసలు సంగతి, లేజెల్.

ముందు ఆ పొగరు. మైండ్ ఫ్లేయర్లనే బుర్రలు తినే రాక్షసుల ఓడ పేలి కిందపడ్డాక అందరి బుర్రలోనూ వాళ్లు పెట్టిన పురుగుంది, ఏ క్షణాన వాళ్లలా మారి టెంటకిల్స్ మొలుస్తాయో ఎవులికీ తెలీదు. షాడోహార్ట్ రహస్యం దాచుకుంటాది, ఆస్టారియన్ అబద్ధం ఆడతాడు, గేల్ రాయిలోంచి చెయ్యి బయటపెట్టి లాగమంటాడు. ఆ గంటలో పురుగుకి మందు ఫలానా చోట దొరుకుతాది, పదండి అని చెప్పింది ఒక్క లేజెలే. చెప్పే తీరు దురుసుగా ఉంటాది, ఔను. మనల్ని ఇస్టిక్ (తన జాతి కానివాడు) అంటాది, జోరూ అనే టీఫ్లింగ్‌ని (కొమ్ములుండే జాతి) దారి అడగడానికి మోకాళ్ల మీద కూర్చోమంటాది. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ మా వాడొకడు ఈ జోరూ సీన్ గురించే అరగంట ఊగిపోయాడు, "వాడి పరువు తీసింది రా" అని. ఒరే, అక్కడ నువ్వు అడ్డుపడొచ్చు, ఆ ఆప్షన్ ఎదురుగా ఉంది, నొక్కలేదేటి? నొక్కలేదు, ఎందుకంటే వాడికి కూడా దారి కావాలి.

ఆమె ఎక్కణ్ణించి వచ్చిందో ఒకసారి చూడండి. ఆమె జాతి గిత్యాంకీలు ఒకప్పుడు మైండ్ ఫ్లేయర్లకి బానిసలు, గిత్ అనే ఆవిడ తిరుగుబాటు చేసి విడిపించింది. అప్పట్నుంచీ ఆ జాతికి ఒకటే పని, మైండ్ ఫ్లేయర్ కనబడితే నరకడం. పిల్లల్ని క్రెష్‌లో (గిత్యాంకీల శిబిరం) పెంచుతారు, అమ్మానాన్నల మాటే లేదు, నడక వచ్చేసరికి చేతిలో కత్తి. రోజీమార్న్ మఠం కింద క్రెష్‌లోకి వెళ్తే క్లాస్‌రూమ్ చూపిస్తారు, అక్కడ పిల్లలకి చెప్పే పాఠం సాటి పిల్లల్ని చంపడం. అలా పెరిగిన మనిషి బుర్రలోకి ఏ శత్రువు కోసమైతే పుట్టిందో ఆ శత్రువు పురుగే దూరింది, అలాంటి దాని దగ్గర "దయచేసి", "ప్లీజ్" ఎదురుచూస్తున్నావా? మా ఇంట్లో ఆర్మీలో చేసి వచ్చిన మావయ్య ఉన్నాడు (శ్రీకాకుళం వైపు మిలిటరీకి వెళ్లినోళ్లు లేని ఊరు వెతుక్కోవాలి), రిటైరై ఎన్నేళ్లయినా "మంచినీళ్లు" అని ఒక్క మాటే అంటాడు, ఇయ్యమ్మా గియ్యమ్మా ఉండదు, ఇంటిల్లిపాదీ లేచి పరిగెడతారు. బావా, నువ్వూ పరిగెత్తావు పోయిన పండక్కి. ఆయన అంటే డిసిప్లిన్, లేజెల్ అంటే పొగరు. తేడా ఏటో నన్ను చెప్పమంటావా, నువ్వే చెప్తావా?

కత్తి దగ్గరికొద్దాం, ఎందుకంటే మెసేజ్ మొత్తానికీ పెద్ద సాక్ష్యం అదే. ఒక రాత్రి క్యాంప్‌లో నిద్రలేచేసరికి లేజెల్ నీ పీక మీద కత్తి పెట్టి నిలబడుంటాది. ఇంతవరకు స్క్రీన్‌షాట్ తీసి పంపాడు మహానుభావుడు. ఆ తర్వాత మాటలు స్క్రీన్‌షాట్‌లో లేవు. మార్పు మొదలైందని అనుకుంటాది, ఒళ్లు కాలిపోతన్నాది, అందుకని ముందు నిన్ను, తర్వాత మిగతా వాళ్లని, ఆఖర్న తనని తనే పొడుచుకుంటానంటాది. తన్ని తాను లెక్కలో కలుపుకుంది, గమనించారా? మైండ్ ఫ్లేయర్‌గా మారడం కంటే అదే మర్యాద అని ఆమె నమ్మకం, ఆమె లెక్కలో అది నీకు చేసే మేలు. తెల్లారేదాకా ఆగు అని నచ్చజెప్తే ఆగుతాది కూడా.

ఇప్పుడు బెస్ట్ టీమ్‌లో మొదటి పేరు చూద్దాం. ఆస్టారియన్ బాబు మొట్టమొదటిసారి కలిసినప్పుడు ఏం చేస్తాడు? కిందపడేసి పీక మీద కత్తి పెడతాడు. తర్వాత ఒక రాత్రి నువ్వు నిద్రపోతుంటే, రక్తపిశాచి కదా, పళ్లు దించబోతాడు, ఒప్పుకున్నా సమయానికి ఆపలేకపోతే ప్రాణాలు పోతాయి. దీనికి "అయ్యో పాపం, వాడి గతం తెలుసా, రెండు వందల ఏళ్లు తన యజమాని కాజడోర్ దగ్గర నరకం అనుభవించాడు" అని పేజీలకి పేజీలు రాస్తారు, రీల్స్ చేస్తారు. తెలుసు నాయనా, నాకూ ఇష్టమే, గొంతిచ్చిన నీల్ న్యూబన్‌కి 2023 గేమ్ అవార్డ్స్‌లో నటనకి బహుమతొచ్చింది, దానికి వంక పెట్టను. కానీ రక్తం తాగడానికి వచ్చినోడికి గతం ఉంటాది, నీతో పాటు తనూ చస్తానన్న ఆడమనిషికి మాత్రం పొగరుంటాదా? జుట్టు తెల్లగా, ముక్కు సూటిగా ఉంటే కత్తి మెత్తబడుతుందేమో, నాకు తెలీదు.

"ఇలాంటి ఆడదాన్ని ఆటలో కూడా భరించాలా" అన్న వాక్యం ఉంది చూశారా, అది రాసినోడికి ఆట అక్కర్లేదు, గుమాస్తా కావాలి. అలాగేనండి, తప్పయిపోయిందండి, మీరు చెప్పిందే వేదం అండి, ఇలా అనే ముగ్గుర్ని వెనకాల నడిపించుకోవాలి. మా చెల్లి ఈ మెసేజ్ చదివి ఏమీ అనలేదు, తన సేవ్ ఓపెన్ చేసి లేజెల్‌కి కొత్త గ్రేట్‌స్వార్డ్ ఇచ్చింది. ఇది ఆడే ఆడపిల్లలు కూడా ఆ గ్రూపుల్లోనే ఉన్నారు, చదువుతున్నారు, ఆ సంగతి ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్కడికైనా తట్టిందా?

బోనులో వదిలేస్తే పోయేది ఏటో కూడా వినండి. క్రెష్‌లో జైథిస్క్ అనే యంత్రం ఉంటాది, పురుగు తీసేస్తాదని లేజెల్ చిన్నప్పట్నుంచీ నమ్మిన యంత్రం. దానిలో ఆమే ముందు కూర్చుంటాది, నమ్మకంగా. అది మందు కాదు, పురుగు సోకిన వాళ్లని చంపే ఏర్పాటు. పక్కన నిలబడి నువ్వు చూస్తావు, నొప్పికి మెలికలు తిరుగుతూ కూడా లేవదు, ఎందుకంటే లేస్తే ఇన్నాళ్ల నమ్మకం అబద్ధమైపోద్ది. నువ్వు లెమ్మని ఒప్పించాలి. ఇంకాసేపటికి గిత్యాంకీల మహారాణి వ్లాకిత్ నిలువెత్తున ప్రత్యక్షమై ఆజ్ఞలు ఇస్తాది, ఆమెకి ఎదురు చెప్తూ పోతే ఒక్క మాటతో నిన్ను చంపేస్తాది, ఆట అక్కడితో అయిపోద్ది (నాకు జరిగింది, సేవ్ చెయ్యకుండా). ఆ రాణికోసం బతికిన మనిషి ఆ రాణినే వదిలి, చెరలో ఉన్న గిత్ కొడుకు ఓర్ఫియస్ వైపు రావడం, అదీ ఎవరో లెక్చరు దంచినందుకు కాకుండా తన కళ్లతో చూసి, తిట్టుకుని, ఒప్పుకోలేక, మళ్లీ ఒప్పుకుని రావడం. ఆ ఊగిసలాట అంతా లేజెల్‌కి గొంతిచ్చిన డెవోరా వైల్డ్ గొంతులో వినబడుతుంది. ఈ ఆటలో అంత దూరం నడిచిన మనిషి ఇంకోళ్లు లేరని నా లెక్క. టైం వేస్ట్ అంట!

కథ మాకెందుకు, కొట్టుకోవడమే కావాలంటారా? సరే. మొదట్లో నీకు దొరికే ఫైటర్ లేజెల్ ఒక్కతే. రెండో లెవెల్‌కి యాక్షన్ సర్జ్ (అదే టర్న్‌లో ఇంకో దెబ్బ), ఐదుకి రెండు దెబ్బలు, పదకొండుకి మూడు దెబ్బలు. గిత్యాంకీ కాబట్టి మూడో లెవెల్‌కి పెద్ద గెంతు, ఐదుకి మిస్టీ స్టెప్ (మాయమై ఇంకోచోట తేలే మంత్రం), మేడ మీదున్న విలుకాడి దగ్గరికి చిటికెలో తేలతాది. బోనులో వదిలేసి గాబ్లిన్ క్యాంప్‌కి వెళ్లి, ఆట చాలా హార్డ్‌గా ఉందిరా బాబూ అని ఏడుస్తారు మళ్లీ.

ఇక విల్. పెర్సనాలిటీ లేదన్నదాంట్లో పావు వంతు నిజముంది. ఆట పూర్తవ్వకముందే వదిలిన ఎర్లీ యాక్సెస్‌లో ఉన్న విల్ వేరు, ఫుల్ రిలీజ్‌కి కథా మార్చారు, గొంతూ మార్చారు, ఆ హడావిడిలో మిగతా వాళ్లకున్నంత సరుకు వీడికి పడలేదు, మూడో యాక్ట్‌లో సొంత క్వెస్ట్ కూడా తండ్రి చుట్టూనే తిరుగుద్ది. దానికి ఆట చేసిన లారియన్ వాళ్లని తిట్టు, విల్‌ని కాదు. ఎందుకంటే ఉన్నంతలో మనిషి బంగారం. పదిహేడేళ్లకి ఊరిని టియామాట్ అనే డ్రాగన్ దేవత కల్ట్ బారి నుంచి కాపాడ్డానికి మిజోరా అనే నరకపు దెయ్యంతో ఒప్పందం రాసేశాడు, ఎందుకు చేశాడో చెప్పకూడదని ఆ ఒప్పందంలోనే ఉంది, కాబట్టి డ్యూక్ అయిన తండ్రి ఇంట్లోంచి గెంటేస్తుంటే నోరు విప్పలేదు. ఆ తండ్రినే తర్వాత సముద్రం కింద ఐరన్ థ్రోన్ జైల్లోంచి టర్న్‌లు లెక్కపెట్టుకుంటూ లాక్కురావాలి. అరవడు, ఏడవడు, జాలి పడమని అడగడు, అందుకే మీకు చప్పగా ఉన్నాడు. ఆడుతుంటే చప్పగా ఉందంటే 2025 ఏప్రిల్ ప్యాచ్‌లో హెక్స్‌బ్లేడ్ అనే కొత్త పోరాట రకం వచ్చింది, క్యాంప్‌లో ఉండే విదర్స్‌కి 100 గోల్డ్ ఇచ్చి మార్చుకో.

అసలు తమాషా ఏటంటే ఈ మెసేజ్ రాసినోడు కార్లాక్ ఫ్యాన్. ఆమె పేరు పక్కన మూడు గుండె బొమ్మలు పెట్టాడు. కార్లాక్‌ని చంపమని మిజోరా పంపింది ఎవర్ని? విల్‌ని. ఎదురుగా నిలబడి, ఈమె రాక్షసి కాదని తెలుసుకుని కత్తి దించేసింది ఎవరు? విల్. మాట వినలేదని మిజోరా క్యాంప్‌కొచ్చి శిక్ష వేస్తే జీవితాంతం నెత్తిన కొమ్ములు మోసేది ఎవరు? ఆఖర్న రేవులో కార్లాక్‌కి గుండె బదులున్న ఇంజన్ కాలిపోతుంటే, అవెర్నస్ అనే నరకానికి తిరిగెళ్తేనే బతుకుతాది, ఒంటరిగా మాత్రం పోను అంటుంటే, నేనొస్తా పద అనే మాట నువ్వైనా అనాలి, విల్ అయినా అనాలి. మీ బెస్ట్ టీమ్‌లో విల్ లేడు. నువ్వు వెళ్లవు, ఆస్టారియన్‌తో రొమాన్స్ నడుస్తోంది కదా. మరి ఆ మూడు గుండెలూ ఎందుకు పెట్టావు మహానుభావా, ఆ రేవులో ఆమె బూడిదైపోతుంటే చూడ్డానికా?