మదర్‌బోర్డు పోయింది, అంతే

శ్రీకాకుళంలో ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కకపోతే ఏం చెయ్యాలో పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. మదర్‌బోర్డు, అంటే లోపలుండే అసలు సర్క్యూట్ పలక, పోయిందని ప్రకటించాలి. మూత తెరిచి చూడక్కర్లేదు. డే అండ్ నైట్ జంక్షన్లో టీ తాగుతూ మాట వరసకి అని చూడండి, పక్కన గ్లాసు పట్టుకున్న పెద్దాయన "ఎక్కట్లేదా? అయితే మదర్‌బోర్డు ఎగిరిపోయుంటాది బావూ" అని తీర్పిచ్చేసి, మీకంటే ఎక్కువ బాధపడి, తన టీ డబ్బులు కూడా మీచేతే ఇప్పిస్తాడు. 2018లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు తప్పిస్తే, ఛార్జింగ్ ఎక్కకపోవడానికి ఇంకో కారణం ఉంటుందని మన జిల్లాలో ఎవరూ ఒప్పుకున్నట్టు లేదు.

ఇంత చక్కటి ఏర్పాటుని ఈ మధ్య కుర్రాళ్లు పాడుచేస్తున్నారు. ముందు గోడ స్విచ్ చూస్తారట! అదే ప్లగ్గులో ఫోన్ పెట్టి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి, నేరుగా గోడకే పెట్టి చూస్తారట. నలుగురికీ చెప్పుకోదగ్గ కష్టం ఇంటికొస్తే దాన్ని స్విచ్ దాకా దిగజార్చడం ఏం మర్యాదండీ?

అంతటితో ఆగితే బాగుండేది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అడాప్టర్ మీద చీమంత అక్షరాలు చదువుతున్నారు. 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు, రెండూ గుణిస్తే దాదాపు 65 వాట్లు అని లెక్క కట్టి, "మావయ్యా, నువ్వు పెట్టింది 18 వాట్ల ఫోన్ ఛార్జర్" అంటున్నారు. టైప్ సి పిన్ను దూరింది కదరా, దూరాక ఎక్కడానికేం నొప్పి అంటే, దూరినంత మాత్రాన చాలదట, ల్యాప్‌టాప్ అడిగినంత ఛార్జర్ ఇవ్వగలగాలట, మధ్యలో కేబుల్‌కీ ఒక హద్దుంటుందట, మామూలు సి టైప్ కేబుల్ 60 వాట్లు దాటనివ్వదట. పెద్దవాళ్లతో ఇంత వాదన!

ఇంకా బాధేంటంటే, కొన్ని ఇళ్లలో ఉపాధి పోతోంది. పిన్ను దగ్గర వైరు తెగినా, సాకెట్ లూజైనా, ఒక కోణంలో పట్టుకుంటే ఎక్కుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. ఆ కోణం కనిపెట్టి పట్టుకు కూర్చునే బాధ్యత ఇంట్లో ఏ పనీ లేనివాళ్లకి ఇచ్చేవాళ్లం, చిన్నాన్నలకి అదొక గౌరవం. ఇప్పుడేమో ఇంకో అడాప్టర్ తెచ్చి పెట్టి చూసి, దాంతో ఎక్కితే పాతది పారేస్తున్నారు, దాంతోనూ ఊగితే సాకెట్ మార్పిస్తున్నారు. చాలా మోడళ్లలో అది వైరుతో విడిగా ఉంటుందట, మదర్‌బోర్డు జోలికే పోనక్కర్లేదట. చిన్నాన్న ఏమైపోవాలి?

కొందరైతే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేసి, ఛార్జర్ పీకేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుంటున్నారు. లోపల మిగిలిన కరెంటు దిగిపోయి ఒక్కోసారి మళ్లీ ఎక్కుతుందట. దిష్టి తీయడం మానేసి ఇదొకటి. 80 శాతం దగ్గర ఆగిపోయిందని ఒకాయన కంగారుగా రిపేరు షాపుకి బయల్దేరితే, దార్లోనే ఆపి, బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి సెట్టింగ్‌లో పెట్టిన హద్దు అది అని చెప్పి వెనక్కి పంపేశారు. ఎండాకాలం బొంత మీద పెట్టుకుని పనిచేస్తే బ్యాటరీ వేడెక్కి తనంతట తనే ఛార్జింగ్ ఆపుకుంటుందట. వస్తువులకి కూడా అభిప్రాయాలుంటే ఎలాగండీ?

ఒక్క విషయంలో మాత్రం వాళ్లతో కలుస్తాను. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. వెంటనే ఆపెయ్యాలి, ఛార్జర్ తీసెయ్యాలి, నొక్కకూడదు, గుచ్చకూడదు, తెలిసినవాళ్లచేతే తీయించాలి. ఇది సరదా కాదు.

మిగతా వాటి సంగతి అధికారులు చూడాలి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక గుంటడు వోల్టులు కొలిచే మల్టీమీటర్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని వింటున్నాం. మొన్న ఎవరి అడాప్టరో కొలిస్తే సరిగ్గా 19.5 వోల్టులు వచ్చిందట. పక్కనున్న పెద్దాయన ఏమాత్రం తొణకలేదు, "చూశావా, ఛార్జర్ బాగానే ఉంది, అయితే మదర్‌బోర్డే" అన్నాడట.