అడగనిది ఆడపిల్లలనే

2021 నవంబరు 8న అనంతపురంలో, ప్రైవేటు యాజమాన్యం కింద ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ఒక ఎయిడెడ్ కళాశాల ఎదుట, అలాంటి సంస్థలను ప్రభుత్వానికి అప్పగించే ఏర్పాటుపై నిరసన తెలిపిన విద్యార్థులపై లాఠీలు లేచి, తలకు గాయమైన ఒక విద్యార్థిని చిత్రం రాష్ట్రమంతా తిరిగిన తరువాత, అప్పటి రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నట్టుండి ‘ఐచ్ఛికం’ అనే మాట గుర్తుకు వచ్చింది. ఆ గాయం ఎవరి వల్ల అయిందన్న విషయంలో పోలీసులకూ విద్యార్థులకూ మాట కలవలేదు. అది విచారణలో తేలవలసిన సంగతి. నాలుగు రోజులకు వెలువడిన మెమో మాత్రం యాజమాన్యాల ముందు నాలుగు దారులు పరిచింది. ఆస్తులతో సహా సంస్థను ప్రభుత్వానికి అప్పగించవచ్చు. సిబ్బందిని మాత్రమే అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవచ్చు. ఎప్పటిలా ఎయిడెడ్‌గా కొనసాగవచ్చు. ఇదివరకు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. నాలుగూ యాజమాన్యాలకే. ఆ తరగతి గదిలో కూర్చున్న అమ్మాయిని నీకేం కావాలని అడిగినవారు లేరు. 2021 ఆగస్టులో ఈ అప్పగింతలకు దారి వేస్తూ ఆర్డినెన్సు తెచ్చినప్పుడు అడగలేదు, 42వ నంబరు జీవో ఇచ్చినప్పుడు అడగలేదు, ఈ మెమో ఇచ్చినప్పుడూ అడగలేదు.

ప్రభుత్వ వాదన తెలిసిందే. చాలా ఎయిడెడ్ సంస్థల్లో విద్యార్థుల సంఖ్య పడిపోయిందని, అక్కడి అధ్యాపకులను ప్రభుత్వ కళాశాలలకు తెస్తే ఖాళీలు నిండుతాయని, ఎవరినీ బలవంతపెట్టడం లేదని అప్పటి మంత్రులు చెప్పారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కొన్ని యాజమాన్యాలు ఎయిడ్‌ను తాతలు రాసిచ్చిన మాన్యంలా అనుభవించిన మాట వాస్తవమే. అయితే ఆ కళాశాలల్లో పాఠం చెప్పేవారు ఎందుకు కరవయ్యారు? మంజూరైన పోస్టులో ఉన్న అధ్యాపకురాలు పదవీ విరమణ చేస్తే ఆ పోస్టును ఏళ్ల తరబడి నింపనివ్వనిది ప్రభుత్వాలే. ఆమె కుర్చీలోకి నెలకు ఇంతని మాట్లాడుకున్న పార్ట్‌టైమ్ లెక్చరర్ వస్తుంది, మరుసటి ఏడు ఆమె కూడా ఉండదు, ఆ తరువాత ఆ సబ్జెక్టే ఉండదు. మొక్కకు నీళ్లు ఆపి, ఎండిపోయిందని నరకడానికి గొడ్డలి తెచ్చినవారు తోటమాలికి ఐచ్ఛికం ఇచ్చామని చెప్పుకోవడం వింతగా ఉంది.

ఎయిడ్ అనేది నిన్న మొన్న ఏదో ప్రభుత్వం దయతలచి పెట్టిన పథకం కాదు. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా తాఖీదులో ప్రైవేటు పాఠశాలలకు గ్రాంటు ఇచ్చే పద్ధతికి పునాది పడింది. బాలికల పాఠశాలలనూ అందులో చేర్చారు. 1882 నాటి హంటర్ కమిషన్ మరో అడుగు ముందుకు వేసి, ఆడపిల్లల బడులకు షరతులు సడలించి, మగపిల్లల బడులకన్నా ఉదారంగా గ్రాంటు ఇవ్వాలని సిఫారసు చేసింది. లాభనష్టాల లెక్క తప్ప మరొకటి చూడడని మనం తిట్టుకునే పరాయి దొరకు కూడా, ఆడపిల్లల చదువును మిగిలిన లెక్కలతో కలిపి చూడకూడదన్న ఇంగితం ఉంది.

తెలుగునాట హంటర్ సిఫారసు కన్నా ముందే మనుషులు కదిలారు. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల తెరిచారు. తరువాత రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలో మరొకటి పెట్టారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేస్తే, వంటవారూ నీళ్లు మోసేవారూ ముఖం చాటేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే వండి, తానే గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చారు. ఆ దంపతుల ఆస్తి వీరేశలింగం స్థాపించిన హితకారిణీ సమాజానికి చేరింది. ఆ సమాజం నీడలోనే రాజమహేంద్రవరంలో రాజ్యలక్ష్మి పేరిట మహిళా కళాశాల వెలిసి, ఎయిడ్‌తో నడుస్తూ వచ్చింది. నీళ్లు మోసిన ఆ చేతులు ఈ నాలుగు దారుల్లో ఏ దారిలో సంతకం పెట్టి ఉండేవో మెమో రాసినవారు ఒక్క క్షణం ఆలోచిస్తే బాగుండేది.

గుంటూరులో 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదానికేతనం నెలకొల్పారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ ఇంకా దగ్గరిది. ఆమె ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బీఏ ఆనర్సుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు కనుక చేర్చుకోలేమని ఉపాధ్యక్షులు (వైస్ చాన్సలర్) కట్టమంచి రామలింగారెడ్డి చెప్పారు. ఆమె తిరిగి వెళ్లిపోలేదు. హాస్టల్ లేక చదువు ఆగిన అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా అని పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవారితో తానే హాస్టల్ పెట్టి, సీటు సాధించారు. ప్రకటన ఇస్తే అమ్మాయిలు వచ్చారన్న విషయాన్ని గమనించాలి. చదువుకోవాలన్న ఆశ లేకకాదు, ఉండడానికి చోటు లేక వారు అప్పటిదాకా ఇళ్లలో ఉండిపోయారు. అదే దుర్గాబాయి అధ్యక్షతన 1958లో నియమితమైన జాతీయ మహిళా విద్యా సంఘం, స్త్రీల చదువును కొన్నేళ్లపాటు ప్రత్యేక సమస్యగా చూసి ప్రత్యేకంగా నిధులు కేటాయించాలని మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. అమ్మాయిలను అడిగి తెలుసుకున్న మనిషి రాసిన నివేదిక అది.

ఆ కాలంలోనే కోస్తాలో మహిళా కళాశాలలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. ఏలూరు సెయింట్ థెరిసా 1953లో, విశాఖ సెయింట్ జోసఫ్ 1958లో, విజయవాడ మేరిస్ స్టెల్లా 1962లో, తెనాలి జేఎంజే 1963లో మొదలయ్యాయి. నాలుగూ క్రైస్తవ సన్యాసినులు స్థాపించినవి, నాలుగూ ఎయిడ్ అందుకున్నవి. వీటి గోడల వెనుక ఏం జరిగిందో ఆ జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలుసు. ‘ఆడపిల్లల కాలేజీ అయితే పంపుతాం, లేకపోతే ఇంటర్‌తో చాలు’ అన్న తండ్రిని ఒప్పించడానికి తల్లి చేతిలో ఉన్న ఒకే ఒక్క మాట ఆ కళాశాల పేరు. గేటు దగ్గర కాపలా ఉంటుంది, హాస్టల్ లోపలే ఉంటుంది, ఎయిడెడ్ సీటు కనుక ఫీజు పొలం మీద అప్పు చేయనవసరం లేనంత ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి జారినా తండ్రి మాటే చెల్లుతుంది.

ఆ మూడోదాన్నే 2021లో కదిలించారు. ఎయిడెడ్ కళాశాలలో ఒకే వరండాకు ఒక పక్క ఎయిడెడ్ సెక్షన్, మరో పక్క పూర్తిగా ఫీజుల మీదే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ సెక్షన్ ఉండడం మామూలే. పాఠం ఒకటే, పరీక్ష ఒకటే, కిటికీలోంచి కనిపించే వేపచెట్టూ ఒకటే. ఫీజు రశీదు మాత్రం వేరు. సిబ్బందిని అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవచ్చన్న రెండో దారి పట్టిన చోట వరండాకు ఇటువైపు అమ్మాయి అటువైపు రశీదు చేత పట్టుకోవలసి వస్తుంది. బోధన ఫీజులు చెల్లించే జగనన్న విద్యా దీవెన ఉంది కదా అని అప్పటి ప్రభుత్వం అంది. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవారికి బోధన ఫీజుల చెల్లింపును ఒక్క కలంపోటుతో నిలిపివేసింది అదే. ఆనాడు కూడా ఎవరినీ అడగలేదు. అప్పుడు డిగ్రీ అమ్మాయికి ఉన్న దీవెన మరో నంబరు జీవోతో పోదన్న పూచీ ఏమిటి?

ఫీజు పెరిగినా, కళాశాల దూరమైనా ఇంట్లో మొదట ఆగేది ఎవరి చదువో అప్పటి మంత్రివర్గంలో ఉన్నవారికి తెలియక కాదు. 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో పురుషుల అక్షరాస్యత 74.88 శాతం ఉంటే స్త్రీలది 59.15 శాతం, జాతీయ సగటును కూడా అందుకోలేదు. అయిదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. బాల్యవివాహాలపై ప్రతి జిల్లాలో సదస్సులు పెట్టి, పోస్టర్లు అంటించి, కలెక్టర్లతో ప్రతిజ్ఞలు చేయించే ప్రభుత్వం, ఆ పెళ్లిని మూడేళ్లు వాయిదా వేయించగల కళాశాలను మాత్రం యాజమాన్యం ఇష్టాయిష్టాలకు వదిలేసింది. అక్కచెల్లెమ్మల పేరు తలవకుండా ఒక్క సభ కూడా ముగియని రోజులవి. వారి పేరెత్తడానికి చూపిన శ్రద్ధ వారి మాట వినడానికి లేకపోయింది.

మెమోతో అంతా సర్దుకుందని అనుకోవడం పొరపాటు. అప్పటికి ఆర్డినెన్సు అలాగే ఉంది. దాని కింద ఇచ్చిన జీవోలూ అలాగే ఉన్నాయి. మూడో దారి ఎంచుకుని ఎయిడెడ్‌గా మిగిలిన కళాశాలకు పోస్టులు నింపనివ్వకపోతే, మరి కొన్నేళ్లకు అదే మొదటి దారికో రెండో దారికో వచ్చి నిలబడుతుంది. అప్పుడు కూడా అది ఐచ్ఛికమే అవుతుంది; అప్పుడు కూడా సంతకం యాజమాన్యానిదే, బస్సు పాసు తిరిగి ఇచ్చేది అమ్మాయే. ప్రభుత్వానికి నిజంగా వెనక్కి తగ్గే ఉద్దేశం ఉంటే ఆర్డినెన్సును ఆ నెల శాసనసభ సమావేశాల్లో చట్టంగా మార్చడం మాని, అక్కడే వదిలేయవలసింది. ఎయిడెడ్ మహిళా కళాశాలల్లో మంజూరైన పోస్టుల భర్తీకి తేదీ ప్రకటించవలసింది. సమ్మతి తెలిపిన ప్రతి మహిళా కళాశాలలోనూ, అప్పగింత కాగితాలు కదలకముందే, అమ్మాయిలనూ వారి తల్లులనూ కూర్చోబెట్టి వారేమంటున్నారో రాతపూర్వకంగా తీసుకోవలసింది.

విశాఖలో ఎయిడెడ్ బడి మూతపడుతోందని తల్లులు పిల్లలను చంకనేసుకుని రోడ్డు మీద కూర్చున్నప్పుడు, అనంతపురంలో ఆడపిల్లలు గేటు దగ్గర నిలబడినప్పుడు, వారు అడగకుండానే తమ మాట చెప్పారు. ఒకచోట వినలేదు, మరోచోట లాఠీతో విన్నారు. సచివాలయంలో కూర్చుని నాలుగు దారులు రాసిన అధికారులు, వాటిపై సంతకం చేసిన పెద్దలు, ఏలూరు బస్టాండులోనో తెనాలి స్టేషన్‌లోనో ఒక ఉదయం ఎనిమిది గంటలకు నిలబడి, భుజాన సంచీతో దిగే అమ్మాయిలను ఆపి అడిగి ఉంటే అయిదో దారి కాగితంపైకి వచ్చేది. అంత దూరం వెళ్లే తీరిక లేకపోయిందా, లేక ఆ జవాబు ముందే తెలిసి వెళ్లలేదా, ఆనాటి ప్రభుత్వమే చెప్పాలి.