కళేబరాల లెక్కతో తేలని నష్టం

అడవుల గుండా రోడ్లు వేయడం వల్ల వన్యమృగాలకు కలిగే హానిని గోరంతలు కొండంతలు చేసి చెబుతున్నారని వాదించే సందేశం ఒకటి విస్తృతంగా చేతులు మారుతోంది. రోడ్డు ఆక్రమించేది అడవిలో ఒకటి రెండు శాతం నేలనేనని, వాహనాల కింద పడి చచ్చేవి కొద్ది జంతువులేనని, అవి కూడా బలహీనమైనవేనని అది అంటుంది. కొన్నేళ్లకు జంతువులు రోడ్డుకు అలవాటు పడతాయనీ, మరణాలు తగ్గడమే అందుకు రుజువనీ, అవి దాటుతూనే ఉన్నాయి కనుక రోడ్డు అడ్డంకి కానే కాదనీ, మరీ అవసరమైతే రోడ్డు కింద నుంచి జంతువులు దాటడానికి నాలుగు అండర్‌పాసులు కడితే చాలుననీ ముగిస్తుంది. ప్రతి మాటలోనూ కొంత నిజం ఉన్నట్టు తోచడం వల్లనే ఇది ఇంతమందిని నమ్మించగలిగింది.

ముందుగా విస్తీర్ణం సంగతి చూద్దాం. తారు వెడల్పును బట్టి నష్టాన్ని అంచనా వేయడం, కుండకు పడిన బీటను వెడల్పుతో కొలిచి పాడైంది అర శాతమే అనడం వంటిది. అనేక పాత అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2010లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, రోడ్లు తదితర నిర్మాణాల వల్ల జంతువుల సంఖ్య తగ్గడం పక్షుల్లో సుమారు కిలోమీటరు దూరం వరకు, క్షీరదాల్లో సుమారు 5 కిలోమీటర్ల దూరం వరకు కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని కంబ్రియా ప్రాంతంలో ఎం6 మోటార్‌వే పక్కన జరిపిన అధ్యయనంలో రోడ్డుకు 1.6 కిలోమీటర్ల దూరం వరకు గబ్బిలాల సంచారం తక్కువగానే ఉన్నట్టు 2012లో తేలింది. శాతాల లెక్క ఎంతగా మోసం చేస్తుందో రోడ్లు లేని ప్రాంతాలను గుర్తిస్తూ 2016లో వెలువడిన ప్రపంచ పటం మరింత స్పష్టంగా చూపింది. భూభాగంలో దాదాపు 80 శాతం రోడ్లకు కిలోమీటరు పైగా దూరంలోనే ఉంది. ఈ ఒక్క అంకె చెప్పి ఆగిపోతే అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆ నేల దాదాపు 6 లక్షల ముక్కలుగా తెగిపోయి ఉందనీ, వాటిలో సగానికి పైగా చదరపు కిలోమీటరు కూడా లేవనీ, 100 చదరపు కిలోమీటర్లు దాటినవి 7 శాతమేననీ అదే అధ్యయనం చెప్పింది.

రోడ్డు వెంట మనుషులు కూడా వస్తారన్న సంగతిని ఆ సందేశం అసలు ప్రస్తావించదు. బ్రెజిల్‌లోని అమెజాన్ అడవిలో నరికివేతలో దాదాపు 95 శాతం రోడ్లకు 5.5 కిలోమీటర్ల లోపు, లేదా నౌకాయానానికి వీలైన నదులకు కిలోమీటరు లోపు జరిగిందని 2014లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. రష్యా తూర్పు కొసన సిఖోటే-అలిన్ ప్రాంతంలో ఆడపులులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, రోడ్లు లేని చోట తల్లులూ పిల్లలూ ఎక్కువగా బతుకుతున్నాయనీ, మనుషుల అలికిడికి పులులు వేటాడిన జంతువును సగంలో వదిలి వెళ్లిపోతున్నాయనీ 2002లో రాశారు. వాహనం తగిలి చచ్చిన పులుల లెక్కలో ఈ నష్టమేదీ కనిపించదు.

చచ్చేవి కొద్ది, అవీ బలహీనమైనవే అన్న రెండో వాదానికి ఎక్కువ జవాబు అక్కర లేదు. వేటాడే మృగం వెనుకబడిన జంతువును ఎంచుకుంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీకి అలాంటి ఎంపిక లేదు. కొత్త ఆవాసం వెతుక్కుంటూ బయలుదేరిన ఆరోగ్యవంతమైన పడుచు జంతువులూ, మేత కోసం ఎక్కువ దూరం తిరిగే తల్లులూ దాని ముందు పడతాయి. ఇక కొద్ది అన్న మాట జాతిని బట్టి మారుతుంది. ఏడాదికి పలుసార్లు ఈనే ఎలుకల జాతి ఆ లోటును త్వరలోనే పూడ్చుకుంటుంది. రెండు మూడేళ్లకోసారి ఈనే ఎలుగుబంటి పూడ్చుకోలేదు. దేహం పెద్దదై, సంతానం తక్కువై, సంచారం ఎక్కువైన క్షీరదాలే రోడ్ల వల్ల ఎక్కువగా దెబ్బతింటున్నాయని పరిశోధనలను పోల్చి చూసిన 2012 నాటి విశ్లేషణ కూడా చెప్పింది. అమెరికాలోని ఫ్లోరిడాలో ప్యూమాలు అనే పెద్ద పిల్లి జాతి మృగాలు 1990ల తొలినాళ్లలో 30కి అటూఇటూ మాత్రమే మిగిలాయి. వాటిని నిలబెట్టడానికి 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదలవలసి వచ్చింది. నమోదైన వాటి మరణాలకు నేటికీ ప్రధాన కారణం వాహనాలే.

అన్నిటిలోకీ చిక్కైనది మూడో వాదం. మరణాలు తగ్గాయి కనుక జంతువులు అలవాటు పడ్డాయన్న తర్కం వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కళేబరాలు తగ్గడానికి కనీసం మూడు కారణాలు ఉండవచ్చు. జంతువులు జాగ్రత్తగా దాటడం నేర్చుకొని ఉండవచ్చు, రోడ్డు దరిదాపులకు రావడమే మానేసి ఉండవచ్చు, లేదా చావడానికి అక్కడ జంతువులే మిగలకపోయి ఉండవచ్చు. మూడింటిలోనూ లెక్క ఒకేలా తగ్గుతుంది. పైగా ఆ లెక్క కూడా పూర్తిది కాదు. చిన్న జంతువుల కళేబరాలను తెల్లవారేలోపు నక్కలో కాకులో ఎత్తుకుపోతాయి. పెద్దవి దెబ్బతిని పొదల్లోకి వెళ్లి ఎవరి కంటా పడకుండా చస్తాయి.

రెండో కారణానికి బలమైన ఆధారాలున్నాయి. చెట్లు కొట్టి చదును చేసిన వెడల్పు 20 మీటర్లు దాటితే అడవిలోని చిన్న క్షీరదాలు రోడ్డు దాటడానికి వెనుకాడుతున్నాయని కెనడాలో 1974లోనే గుర్తించారు. అదే దేశంలో 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తెల్లకాళ్ల ఎలుకలనూ ఉడుత జాతికి చెందిన చిప్‌మంక్‌లనూ పట్టి దూరంగా వదిలినప్పుడు, మధ్యలో ఉన్న ఒక్కొక్క రోడ్డుకూ అవి సొంత చోటికి తిరిగి వచ్చే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. వాహనాల రద్దీ ఎక్కువా తక్కువా అన్నదానితో నిమిత్తం లేదు. అంటే అవి జడిసింది రోడ్డుకే. కాంగో అడవుల్లో జీపీఎస్ పట్టీలు తొడిగిన 28 ఏనుగుల్లో రక్షిత ప్రాంతాల వెలుపల రోడ్డు దాటింది ఒకే ఒక్కటి. అది కూడా తన మామూలు నడకకు 14 రెట్ల వేగంతో దాటింది. దీన్ని అలవాటు అనడం సాధ్యం కాదు.

న్యాయంగా చెప్పాలంటే, రోడ్డు వైపు జరిగే జంతువులూ ఉన్నాయి. ఎలుగుబంట్లు రోడ్లకు దూరంగా ఉండడం వల్ల అమెరికాలోని యెల్లోస్టోన్ పరిసరాల్లో మూస్ అనే పెద్ద దుప్పి జాతి తల్లులు ఈనడానికి రోడ్ల పక్కకు చేరుతున్నాయని 2007లో తేలింది. అయితే ఇది రోడ్డు మంచిదని చెప్పే సాక్ష్యం కాదు. వేటాడే మృగం ఆ చోటును వదులుకుందని మాత్రమే దీనివల్ల తెలుస్తుంది.

దాటుతున్నాయి కనుక అడ్డంకి లేదన్న నాలుగో వాదానికి లాస్ ఏంజెలెస్ శివార్లలోని 101వ నంబరు ఫ్రీవే జవాబు చెబుతుంది. అక్కడ బాబ్‌క్యాట్‌లనే అడవి పిల్లులూ, తోడేలును పోలిన కయోటీలూ అప్పుడప్పుడు దాటుతూనే ఉన్నాయి. అయినా రెండు వైపుల జంతువుల మధ్య జన్యు భేదం ఏర్పడిందని 2006లో వెల్లడైంది. రోడ్డు అంచున ఆవాసాలు కిక్కిరిసి ఉండడంతో, దాటి వచ్చినది అక్కడ చోటు సంపాదించి పిల్లలను కనడం అరుదు. ఒక జాతికి కావలసింది కాలు అవతల పెట్టడం కాదు, సంతానం అవతల కలవడం. ఆ ఫ్రీవే పక్క కొండల్లో చిక్కుపడిన ప్యూమాల్లో దగ్గరి రక్తసంబంధీకులు జతకట్టడం వల్ల వచ్చే వంకర తోకల వంటి లక్షణాలు 2020 నాటికి బయటపడ్డాయి.

చివరిదైన అండర్‌పాసుల వాదంలో నిజం పాలు ఎక్కువ. కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్క్‌లో రహదారికి ఇరువైపులా 2.4 మీటర్ల ఎత్తు కంచె కట్టి, 6 పై వంతెనలూ 38 అండర్‌పాసులూ ఏర్పాటు చేసిన తరువాత జంతువులను వాహనాలు ఢీకొనడం 80 శాతానికి పైగా తగ్గింది. రెండు వైపుల ఎలుగుబంట్ల జన్యువులు కలుస్తున్నట్టు కూడా రుజువైంది. మన దేశంలో మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో విస్తరించిన పెంచ్ పులుల అభయారణ్యం గుండా సాగే 44వ నంబరు జాతీయ రహదారి కింద 50 నుంచి 750 మీటర్ల వెడల్పుతో కట్టిన 9 నిర్మాణాల్లో పులులతో సహా 18 జాతుల జంతువులు నడవడం కెమెరాలకు చిక్కింది. అయితే ఇవేవీ సందేశం చెప్పినట్టు చౌకగా కట్టి వదిలేసిన నాలుగు గొట్టాలు కావు. కంచె లేకుండా కట్టిన దాటు మార్గాలు వాహన మరణాలను తగ్గించినట్టు కనబడలేదని 2016 నాటి సమగ్ర విశ్లేషణ తేల్చింది. 5 కిలోమీటర్ల కన్నా పొట్టి కంచెలు అంత బాగా పనిచేయవని అదే ఏడాది మరో అధ్యయనం చెప్పింది. బాన్ఫ్‌లో నల్ల ఎలుగులు ఇరుకు మార్గాలను ఇష్టపడితే గ్రిజ్లీలనే పెద్ద ఎలుగులు విశాలమైన వంతెనలు కోరాయి. వాటికి నమ్మకం కుదరడానికే కొన్నేళ్లు పట్టింది. పైగా ఆ పార్క్‌లో వేట నిషిద్ధం, కొత్త ఊళ్లు వెలిసే వీలు లేదు. రోడ్డు వెంట గొడ్డలీ తుపాకీ కూడా వచ్చే అడవిలో అంతే మంచి వంతెన కట్టినా అది జంతువును అవతలి ఒడ్డుకు చేర్చగలదే తప్ప, అక్కడ దాని కోసం కాచుకొని ఉన్న మనిషి నుంచి కాపాడలేదు.