కాదని చెప్పలేని కార్మికుడికి ఎన్ని శిక్షణలిస్తే ఏం?

నిర్మాణ స్థలంలో మొదటి రోజు చెప్పే పాఠాల్లో ఒకటుంటుంది. ప్రమాదం అనిపిస్తే పని ఆపెయ్, పైవాళ్లకు చెప్పు. ఇది మొక్కుబడి సలహా కాదు. సరైన కారణంతో ప్రాణభయం కలిగి పక్కకు తప్పుకున్న కార్మికుడిని శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం చెబుతోంది. భద్రమైన పని వాతావరణాన్ని ఆ సంస్థ 2022 జూన్‌లో మౌలిక హక్కుల్లో చేర్చింది కూడా.

బాగానే ఉంది. మరి ఆ కార్మికుడు రాత్రి పడుకునే షెడ్డు ఎవరిది? చాలాచోట్ల కాంట్రాక్టర్‌దే. పని పోయిన రోజే తలదాచుకునే చోటూ పోతుంది. పరంజా మీద పలక ఊగుతోందని అతనికి తెలుసు, శిక్షణలో విన్నాడు, సంతకం కూడా పెట్టాడు. అయినా ఎక్కుతాడు. అతనికి లేనిది తెలివి కాదు, ఎక్కనని చెప్పే వీలు.

అందుకే ఇంటి సమస్యను, పని భద్రతను రెండు వేర్వేరు శాఖల ఫైళ్లుగా చూడటం పొరపాటని నా అభిప్రాయం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. యజమానులే నేరుగా కార్మికులకు ఇళ్లివ్వడం సాధారణంగా మంచిది కాదని అదే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1961లో చేసిన 115వ సిఫార్సులోనే ఉంది. ఊరికి దూరంగా పని జరిగేచోట తప్పదనుకోండి. కానీ నగరం మధ్యలో కడుతున్న భవనానికి కూడా తప్పదా?

శిక్షణ సంగతి కూడా చూడాలి. భద్రతా నిపుణుల లెక్కలో శిక్షణ మొదటి మెట్టు కాదు. ముందు ప్రమాదాన్నే తీసెయ్యాలి. అది కుదరకపోతే అంచున కంచె కట్టాలి. నియమాలు, శిక్షణ ఆ తర్వాత, హెల్మెట్, సేఫ్టీ బెల్ట్ చివర. ఆచరణలో ఇది తలకిందులవుతుంది. కంచెకు ఖర్చవుతుంది, అరగంట ఉపన్యాసానికి కాదు కదా! ఆ ఉపన్యాసం కూడా వినేవాడికి రాని భాషలో ఉంటే మిగిలేది హాజరు పట్టీ మాత్రమే. ఎత్తు నుంచి పడటం నిర్మాణ రంగంలో మరణాలకు ప్రధాన కారణంగా ఇంకా కొనసాగుతోందంటే ఆశ్చర్యం ఏముంది?

పర్యావరణం పేరుతో సాగే నిర్మాణాలు ఈ చిక్కును ఇంకా పెంచుతున్నాయి. కరెంటు ఆదా కోసం పాత భవనాలను బాగు చేయాలంటే గోడలు, కప్పులు విప్పాలి. వాటిలో ఆస్బెస్టాస్ అనే హానికరమైన పీచు పదార్థం ఉండొచ్చు. దాని ధూళి తెచ్చే జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కాంట్రాక్టరూ ఉండడు, హాజరు పట్టీ ఉండదు.

పని పూర్తయ్యాక వంతు అద్దెకున్నవాళ్లది. భవనం మెరుగైంది కాబట్టి అద్దె పెరుగుతుంది, పాతవాళ్లు నగరం అంచుకు పోతారు. భవనాలకిచ్చే గ్రీన్ సర్టిఫికెట్లు ప్రధానంగా విద్యుత్తు, నీరు, సామగ్రి చూస్తాయి. ఎవరు ఖాళీ చేయాల్సి వచ్చిందన్నది సాధారణంగా వాటి లెక్కలోకి రాదు.

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన నివాస భవనానికి, దాన్ని మెరుగుపరిచే పేరుతోనే బయట కొత్త తొడుగు వేశారు. 2017 జూన్ 14న మంటలు ఆ తొడుగు గుండానే పాకాయి, 72 మంది చనిపోయారు. భద్రత మీద అక్కడి నివాసులు అంతకుముందే ఫిర్యాదులు చేశారు. వినలేదు. పరంజా మీది కార్మికుడికీ, ఆ టవర్ నివాసికీ ప్రమాదం కళ్లముందే ఉంది. చెబితే వినాల్సిన అవసరం మాత్రం ఎవరికీ లేకపోయింది.

పట్టించుకుంటే ఫలితం ఉండదా అంటే, అదే నగరంలో 2012 ఒలింపిక్ పార్కు కట్టినప్పుడు ప్రమాదాల్లో ఒక్క కార్మికుడి ప్రాణం కూడా పోలేదు. గడువు కదలని పని అది, టెన్షన్‌కు లోటు లేదు. అయినా సాధ్యమైంది.

ప్రభుత్వ సొమ్ము, పన్ను రాయితీ తీసుకునే ప్రతి గ్రీన్ ప్రాజెక్టుకూ కొన్ని షరతులు పెట్టొచ్చు. శిక్షణ సమయానికి కూలి ఇవ్వాలి, అది కార్మికుడి భాషలో, చేతులతో చేయించి నేర్పేలా ఉండాలి. ఉద్యోగం పోయినా కొన్ని వారాలు బసలో ఉండే హక్కు రాసివ్వాలి. మరమ్మతుల తర్వాత పాత కిరాయిదారుకు అదే ఇల్లు, పరిమితి ఉన్న అద్దెకు దక్కాలి. ఖర్చు పెరుగుతుందని బిల్డర్లు అంటారు. నిజమే, పెరుగుతుంది. ఇప్పటిదాకా ఆ ఖర్చును కార్మికుడూ కిరాయిదారూ భరిస్తున్నారు, ఏ బిల్లులోనూ కనపడకుండా.