ఫర్నిచర్‌లా ఉండమన్నారు, ఉన్నా

ఇది నిన్న మధ్యాహ్నం జరిగింది, నడుం పక్కన రెండు వైపులా ఇంకా కమిలే ఉంది, అది తగ్గేలోపు రాసేస్తే కోపం కూడా వేడిగా ఉంటుందని కూర్చున్నా. కూర్చున్నా అంటే మంచం మీద. కుర్చీలు ప్రస్తుతానికి మానేశా.

నేను చైల్డ్ డెవలప్‌మెంట్ చదువుతున్నా. ఈ మాట చెప్పగానే "పిల్లల్ని ఆడించడానికి కూడా డిగ్రీయా" అనే చుట్టాల సంగతి ఇంకోసారి చెప్తా. ఈ సెమిస్టర్‌లో మాకు అబ్జర్వేషన్ ప్రాక్టికల్ ఉంది, అంటే మేం చూసి నేర్చుకోడానికి కాలేజీ నడిపే ల్యాబ్ నర్సరీలో ఓ మూల కూర్చుని, ఒక్కరినే ఎంచుకుని, ఇరవై నిమిషాలు వాళ్లు ఏం చేస్తే అది రాయాలి. పేరు రాయకూడదు, చైల్డ్ ఏ అనాలి. "సంతోషంగా ఉంది" అని కూడా రాయకూడదు, సంతోషం కంటికి కనపడదు కదా, కనపడేవి పళ్లు, కాబట్టి "పెదవులు రెండు పక్కలకీ సాగాయి, పై పళ్లు కనపడ్డాయి" అని రాయాలి. నా మొదటి రికార్డులో "అలిగింది" అని రాస్తే మేడమ్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన "నీకెలా తెలుసు?" అని రాశారు. ఎలా తెలుసంటే మేడమ్, ఆ పిల్ల మూతి మూడు వంకర్లు తిప్పి, నాకు వీపు చూపించి, గోడ వైపు తిరిగి కూర్చుంది, తెలుగులో అలగడం అంటే ఇదే, ఇంకోటి లేదు.

అన్నిటికన్నా పెద్ద రూలు, మనం కలగజేసుకోకూడదు. "మీరు అక్కడ ఫర్నిచర్‌లా ఉండాలమ్మా" అంటారు మేడమ్. పోనీ పెద్ద కుర్చీ ఇవ్వండి అంటే ఇవ్వరు, పిల్లల కళ్ల ఎత్తులో ఉండాలట. నేల మీద కూర్చుంటా అంటే అదీ వద్దు, నేల మీద మనిషి కనపడితే పిల్లలు ఒళ్లో ఎక్కేస్తారు (ఇది మాత్రం నిజమే, ఒప్పుకుంటా). ఇక మిగిలింది పిల్లల కుర్చీ. దానికి రెండు పక్కలా చేతులున్నాయి.

చైల్డ్ ఏకి నాలుగున్నరేళ్లు, దిమ్మలతో ఏదో కట్టింది, నేను రాశా, టైమ్ అయింది, లేచా.

నేనొక్కదాన్నే లేవలేదు. కుర్చీ కూడా లేచింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, చెప్పకపోతే నా బాధ పూర్తిగా అర్థం కాదు. 2004లో జూడీ డిలోష్ అనే సైకాలజిస్టు, ఆవిడతో పనిచేసేవాళ్లు కలిసి ఒక పరిశోధన బయటపెట్టారు. 18 నుంచి 30 నెలల పిల్లల్ని పిలిచి, వాళ్లు ఎక్కేంత జారుడుబల్ల, కూర్చునేంత కుర్చీ, పట్టేంత కారు ఇచ్చి ఆడుకోనిచ్చారు, తర్వాత వాటి చోట అచ్చం అలాంటివే బొమ్మ సైజువి పెట్టారు. కొందరు పిల్లలు నవ్వులాటకి కాదు, నిజంగానే ఆ బొమ్మ కుర్చీ మీద కూర్చోబోయారు, అరచేతిలో పట్టే కారులోకి కాలు దూర్చబోయారు. దీన్ని స్కేల్ ఎర్రర్ అంటారు. "ఇది కుర్చీ" అని గుర్తుపట్టడం ఒకటి, దాని సైజుని బట్టి ఒంటిని కదపడం ఇంకొకటి, ఆ వయసులో ఈ రెండూ ఒక్కోసారి కలిసి రావు, కుర్చీ అని తెలియగానే ఒళ్లు కూర్చోడానికి బయల్దేరిపోతుంది. దీని మీద నేను సెమినార్ ఇచ్చా. స్లయిడ్లు వేసి మరీ, "చూశారా ఎంత ముద్దుగా ఉందో" అని నవ్వుతూ చెప్పా. నాకిప్పుడు 264 నెలలు.

సరే, సీన్‌లోకి వద్దాం. నడుం సగానికి వంగి ఉంది, వెనకాల నాలుగు కాళ్లు గాల్లో ఉన్నాయి, ఒక చేతిలో రికార్డు బుక్కు, ఇంకో చేతిలో మూత తీసిన పెన్ను. తాబేలుకి నిలబడాలని బుద్ధి పుడితే ఇలాగే ఉంటుందేమో. గది మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది, పదిహేనుమంది పిల్లలున్న గదిలో నిశ్శబ్దం అంటే అది ఎంత అరుదో నర్సరీ టీచర్లని అడగండి.

1932లో మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ పిల్లల్ని ఒక్కొక్కరినీ నిమిషం చొప్పున గమనించి, పిల్లలు పక్కవాళ్లతో కలిసే తీరు ఆరు రకాలు అని తేల్చింది. ఊరికే ఉండటం, ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడటం, కాస్త ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, చివరికి పని పంచుకుని అందరూ ఒకే ఆట ఆడటం. పరీక్ష కోసం వరస తప్పకుండా బట్టీ పట్టా కానీ, ఈ నర్సరీలో ఇన్ని వారాలుగా చూస్తున్నా ఒక్కరోజు కూడా ఆ వరసలో కనపడలేదు, అంతా కలగాపులగమే.

నిన్న కనపడింది. ముందు ఒక బుడ్డోడు వచ్చి, చూపుడు వేలు మొదటి కణుపు దాకా ముక్కులో పెట్టుకుని, నా వెనక్కి వెళ్లి నిలబడి చూశాడు. చూడటం అయింది. తర్వాత ఇద్దరు మగపిల్లలు చెరో కుర్చీ తెచ్చుకుని, వెనకాల ఆనించుకుని, వంగి, నాలాగే నడవడం మొదలుపెట్టారు, ఒకడి వైపు ఇంకొకడు చూడను కూడా చూడట్లేదు. పక్కపక్క ఆట అయింది. "నాది పడిపోతోంది, నీది ఇవ్వు" దాకా వచ్చేసరికి ఇచ్చిపుచ్చుకోవడం కూడా అయింది. అప్పుడు దిమ్మలు వదిలేసి చైల్డ్ ఏ వచ్చింది. "అక్క ఇరుక్కుపోయింది. నువ్వు కాళ్లు పట్టుకో. అక్క కాళ్లు కాదు, కుర్చీ కాళ్లు. నువ్వు లెక్కపెట్టు." లెక్కపెట్టేవాడు ఒకటి, రెండు, ఎనిమిది అన్నాడు, అందరూ లాగారు. పార్టెన్ గారు ఉండుంటే కళ్లనీళ్లు పెట్టుకునేది. క్షమించాలి, "కళ్ల నుంచి ద్రవం కారేది".

కుర్చీ రాలేదు. చైల్డ్ ఏ ఒక నిమిషం ఆలోచించి, ఇంకో కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుంది. "అక్కా, నన్ను చూడు. ఊపిరి వదిలెయ్యి. ఇటు తిరుగు. ఒక పక్కే ముందు తియ్యి. ఏం కాదులే." పనిని ముక్కలు చెయ్యడం, చేసి చూపించడం, విసుగు రానివ్వకపోవడం, పుస్తకంలో స్కాఫోల్డింగ్ అని ఏం రాసుందో అక్షరం పొల్లుపోకుండా అదే. మొన్న ఇంటర్నల్స్‌లో ఆ మాట రష్యన్ సైకాలజిస్టు వైగోట్‌స్కీదని రాసి మార్కు పోగొట్టుకున్నా, ఆయన 1934లోనే పోయాడు, పిల్లలకి నేర్పే విషయంలో ఆ మాట వాడింది 1976లో వుడ్, బ్రూనర్, రాస్. అక్కడ మేడమ్ కరెక్టే, కాదనను. కాకపోతే వాళ్ల పరిశోధనలో నేర్పింది పెద్దావిడ, నేర్చుకుంది మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు. ఇక్కడ తిరగబడింది.

కుర్చీ ఊడింది. ఎలా అని అడక్కండి, డ్రెస్సు కుట్టు కూడా కొంత ఊడింది.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. ఆ నర్సరీ గోడకి పెద్ద అద్దం ఉంటుంది, ఇవతల నుంచి అద్దం, అవతల నుంచి కిటికీ. అవతల అబ్జర్వేషన్ రూమ్ ఉంది. అందులో మామూలు సైజు కుర్చీలున్నాయి. అక్కడ కూర్చుని చూస్తే పిల్లలకి మనం ఉన్నట్టే తెలీదు, అసలు ఆ గది కట్టిందే అందుకు. మాకెందుకివ్వరూ అంటే "తాళం నా దగ్గర ఉంటుంది" అన్నారు మేడమ్, అది కారణం ఎలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. నిన్న ఆ తాళం తీశారు. ఫస్టియర్ వాళ్లకి రికార్డు రాయడం ఎలాగో నేర్పడానికి. మొత్తం ఇరవై నలుగురు. పిల్లల్ని రాయమంటే అందరూ నన్నే రాశారు.

ఒక పుస్తకం చూశా. "పెద్ద వయసు స్త్రీ (22 ఏళ్లకి పెద్ద వయసట) లేచింది. కుర్చీ లేచింది. స్త్రీ ఎడమకి తిరిగింది. కుర్చీ ఎడమకి తిరిగింది." చివర్లో "సిగ్గుపడింది" అని ఉంది. దానికి ఎర్ర సున్నా చుట్టి, "నీకెలా తెలుసు?"

నా రికార్డు కొట్టేశారు. అబ్జర్వర్ పిల్లల ఆటలో కలగజేసుకుందట, వచ్చేవారం మళ్లీ చెయ్యాలి. ఫర్నిచర్‌లా ఉండమన్నది మీరే కదా మేడమ్ అందామనుకున్నా, మింగేశా, ఆవిడ చేతిలో ఇంకా ఇరవై మార్కులున్నాయి.

పొద్దున క్యాంటీన్‌లో నిలబడి ఉంటే ఫస్టియర్ అమ్మాయి ఒకతి లేచి వెళ్లి నాకో కుర్చీ తెచ్చి వేసింది. చేతులు లేనిది. నాలుగు టేబుళ్లు వెతికి మరీ తెచ్చింది.