మూతపడ్డ రన్‌వే మీద ఇంకా దిగొచ్చు, తాళం తెరుచుకుంటే

కంప్యూటర్‌లో విమానం నడిపే గేమ్‌లలో ఇంకా ఆ పాత ఫ్లైట్ సిమ్యులేటరేనా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే, కై టాక్‌లో దిగాలి కదా. హాంకాంగ్‌లోని ఆ ఎయిర్‌పోర్ట్ 1998 జులైలోనే మూతపడింది. 13వ నంబర్ రన్‌వేకి వచ్చేటప్పుడు కొండ మీద గళ్ల బోర్డు కనబడేదాకా నేరుగా దాని మీదికే పోయి, ఇక గుద్దేస్తామేమో అనిపించేవేళకి కుడివైపు 47 డిగ్రీలు తిప్పి, మేడల మీదుగా కిందికి జారాలి. ఇవాళ ఏ పైలట్‌కీ ఆ అవకాశం లేదు. మైక్రోసాఫ్ట్ పాత సిమ్యులేటర్లు ఎఫ్‌ఎస్ 2004కి, ఎఫ్‌ఎస్‌ఎక్స్‌కి ఫ్లైటాంపా కంపెనీ వాళ్లు చేసిన కై టాక్ సీనరీ (గేమ్‌కి విడిగా కలుపుకునే ఎయిర్‌పోర్ట్ నమూనా) ఉన్నవాడికి మాత్రం ఉంది.

2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఉపగ్రహ చిత్రాలతో భూమి మొత్తాన్నీ చూపిస్తుంది, అందంలో పాతవాటికి దానితో పోలికే లేదు, ఒప్పుకుంటాను. కానీ అది చూపించేది దాదాపు ఇవాళ్టి ప్రపంచం. పాత సీనరీ అలా కాదు, చేసినవాడు ఫొటోలు తీసిన నాటి దగ్గరే ఆగిపోయి ఉంటుంది. బెర్లిన్‌లో టెంపుల్‌హాఫ్ 2008లో, ఆరు మూలల టెర్మినల్ ఉన్న టెగెల్ 2020లో మూతపడ్డాయి. అవి నడుస్తున్న రోజుల్లో సీనరీ చేసినవాళ్లు చరిత్రను భద్రపరుస్తున్నామని అనుకుని ఉండరు, ఏ గేటు ఎక్కడుందో, గోడ మీద మరక ఏ రంగులో ఉందో సరిగ్గా రావాలన్న పంతం, అంతే. ఆ పంతమే ఇప్పుడు రికార్డుగా మిగిలింది.

అదీ ఎంత ఇరుకులో చేశారో చూడాలి. 2006 నాటి ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్ ప్రోగ్రామ్, మీ కంప్యూటర్‌లో ఎంత ర్యామ్ ఉన్నా 4 జీబీకి మించి వాడుకోలేదు. బరువైన విమానం, మేఘాలు, కింద నగరం, వీటన్నిటి మీద ఒక భారీ ఎయిర్‌పోర్ట్ లోడయిందంటే ఎనిమిది గంటలు ఎగిరి వచ్చాక సరిగ్గా ల్యాండింగ్ ముందు మెమరీ అయిపోయి గేమ్ మూసుకుపోయేది (ఆ టెన్షన్ ముందు గాలివాన ఒక లెక్కా). అందుకే ఏ గోడని నిజంగా చెక్కాలి, దేన్ని ఫొటో అతికించి సరిపెట్టాలి అన్నది ప్రతిచోటా బేరమే. రాత్రిపూట ఏప్రన్ (విమానాలు ఆగే చోటు) మీద పడే పసుపు వెలుగు నిజం దీపంది కాదు, అతికించిన బొమ్మ మీద ముందే వేసిన రంగు. ఆ గేమ్ ప్రతి ఎయిర్‌పోర్ట్‌నీ ఒకే ఎత్తులో చాప పరిచినట్టు పరిచేస్తుంది, మరి నేపాల్‌లోని లుక్లా రన్‌వేనేమో 527 మీటర్ల పొడవులో దాదాపు 12 శాతం వాలు. అలాంటిచోట కనిపించని గట్టి పలకలు పరిచి వాలు తెప్పించారు. ఇది పనితనం కాకపోతే ఇంకేంటి?

అన్నీ గొప్పవని కాదు. ఒకే ఎయిర్‌పోర్ట్‌కి రెండు ఫైళ్లు పడితే టాక్సీవే (విమానాలు రన్‌వేకి నడిచే దారి) మధ్యలోంచి పాత టెర్మినల్ మొలుచుకొస్తుంది, నేల ఎత్తుపల్లాలు చెప్పే మెష్ ఫైల్ వేరే కంపెనీది వేస్తే రన్‌వే గుంటలో కూరుకుపోతుంది. అయితే ఇవి ఓపికుంటే సర్దుకోగలిగినవి.

సర్దుకోలేనిది తాళం. నేను డబ్బు పెట్టి కొన్న ఒక సీనరీ ఉంది, ఇన్‌స్టాలర్ ఉంది, కీ ఉంది, రసీదు కూడా ఉంది, ఆ కీ సరైనదేనని చెప్పి తాళం తీయాల్సిన కంపెనీ సర్వర్ మాత్రం లేదు. అమ్మడం మానేసినవాళ్లు తాళం లేని ఇన్‌స్టాలర్ ఒకటి ఇచ్చేయాలి, దీంట్లో నాకు రెండో మాట లేదు. ఇస్తే సాయం అడుగుతూ మెయిళ్లు వస్తాయని భయమైతే 'సపోర్ట్ ఉండదు' అని ఒక్క ముక్క రాసి పెట్టండి, పాత సరుకు వాడేవాళ్లకి అది కొత్తేం కాదు.

ఉచిత సీనరీలదీ ఇలాంటి చిక్కే. చాలావాటితో పాటు వచ్చే రీడ్‌మీ ఫైల్లో నా అనుమతి లేకుండా ఇంకెక్కడా పెట్టొద్దని ఉంటుంది, అడుగుదామంటే ఆ మెయిల్ ఐడీ ఎప్పుడో పోయి ఉంటుంది. ఎవరో దొంగిలించి తన పేరు పెట్టుకోకుండా రాసుకున్న మాట అది, తప్పులేదు. కానీ 2009 మేలో ఏం జరిగింది? ఇలాంటి ఫైళ్లు దాచి పంచే అవ్‌సిమ్ అనే పెద్ద సైట్‌కి రెండు సర్వర్లు, ఒకదానికొకటి బ్యాకప్, దాడి చేసినవాళ్లు రెండింటినీ తుడిచేశారు. సైట్ తర్వాత మళ్లీ నిలబడింది. అలాంటి రోజున ఫైల్ బతికుండేది జనం హార్డ్ డిస్కుల్లోనే, 'ఇంకెక్కడా పెట్టొద్దు' అన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఆ కాపీ ఆ డిస్కుతోనే పోతుంది. పేరు మార్చకుండా, డబ్బు తీసుకోకుండా దాచి పంచుకోవచ్చని ఒక వాక్యం చేర్చి ఉంటే సరిపోయేది, ఇప్పుడు చేస్తున్నవాళ్లయినా చేర్చాలి.

నేను కొన్న ఆ సీనరీ ఎప్పుడో యాక్టివేట్ అయిన ఒక పాత కంప్యూటర్‌లో మాత్రం ఇంకా తెరుచుకుంటుంది. డిస్కు నుంచి ఈమధ్య కరకరమని చప్పుడొస్తోంది, ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేస్తే బాగవుతుందేమో అంటున్నారు ఇంట్లో. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.