నిమ్మకాయ బ్యాటరీ వెలిగింది సరే, ప్రశ్న ఏదీ?

సైన్స్ ఫెయిర్ హాల్లోకి అడుగుపెడితే కనిపించే దృశ్యం దాదాపు ఎక్కడైనా ఒక్కటే. ఓ మూల అగ్నిపర్వతం నురగ కక్కుతుంటుంది. పక్కన సౌర కుటుంబం దారాలకు వేలాడుతుంటుంది. ఇంకో బల్ల మీద వరసగా నాలుగు నిమ్మకాయలు, వాటికి గుచ్చిన జింకు పూత మేకులు, రాగి తీగలు, చివర్లో మిణుకుమిణుకుమనే ఎర్రటి ఎల్‌ఈడీ. వెనక బోర్డు మీద మెరుపు అక్షరాల్లో ‘నిమ్మకాయతో విద్యుత్తు’. వచ్చినవాళ్లు ముచ్చటపడతారు, ఫొటో తీసుకుంటారు, ముందుకు సాగుతారు. జడ్జి మాత్రం ఆగి, ‘ఇందులో నువ్వు ఏం కనుక్కున్నావు?’ అని అడుగుతారు. అక్కడ నోరు పెగలదు. వెలుగుతుందని ముందే తెలుసు, వెలిగింది. కనుక్కోవడానికి మిగిలిందేమీ లేదు.

దీనికి పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. మోడల్ తెమ్మని చెప్పడం తేలిక, కంటికి ఇంపుగా ఉన్నదానికి బహుమతి ఇవ్వడం ఇంకా తేలిక. మోడల్ తెలిసిన సంగతిని చూపిస్తుంది. ప్రాజెక్టు తెలియని సంగతిని, ఎంత చిన్నదైనా సరే, కొలిచి తేలుస్తుంది. ఈ తేడాను పట్టించుకోకుండా బోర్డు అలంకరణకు వారం, ప్రయోగానికి ఒక సాయంత్రం కేటాయించడమే అసలు జబ్బు.

పెద్ద పోటీల్లో లెక్క ఎలా ఉంటుందో చూస్తే ఇది స్పష్టంగా అర్థమవుతుంది. 1950లో ఫిలడెల్ఫియాలో జరిగిన తొలి నేషనల్ సైన్స్ ఫెయిర్ ఎదిగి ఎదిగి ఇప్పటి ఇంటర్నేషనల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ ఫెయిర్ అయింది. వాడుకలో ఐసెఫ్ అంటారు. అక్కడ 100 మార్కుల్లో ప్రశ్నకు 10, ప్రయోగ రూపకల్పనకు 15, డేటా సేకరణకూ విశ్లేషణకూ 20, సృజనాత్మకతకు 20, ప్రదర్శనకు 35. ఆ 35లోనూ పోస్టర్ వాటా 10 మాత్రమే, మిగతా 25 జడ్జితో జరిగే సంభాషణకు. పైగా ఆ బల్లల మీద ద్రవాలు, ఆహార పదార్థాలు, సజీవ మొక్కలు పెట్టనివ్వరు. అంటే నిమ్మకాయకు అక్కడ ప్రవేశమే లేదు. స్కూలు స్థాయిలో ఇంత పట్టింపు ఉండకపోవచ్చు గానీ, బరువు ఎటువైపు ఉందో మాత్రం తెలుస్తూనే ఉంది.

అలాగని నిమ్మకాయను పారేయక్కర్లేదు. అదే బల్లను, దాదాపు అవే సామాన్లతో ప్రాజెక్టుగా మార్చవచ్చు. ముందుగా లోపల జరుగుతున్నదేమిటో సరిగ్గా తెలియాలి. విద్యుత్తు నిమ్మకాయ నుంచి రావడం లేదు. జింకు కరిగి అయాన్లుగా మారుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది, అవి తీగ గుండా రాగి వైపు వెళ్తాయి, అక్కడ రసంలోని హైడ్రోజన్ అయాన్లు వాటిని అందుకుని హైడ్రోజన్ వాయువుగా బయటపడతాయి. ఖర్చయ్యేది జింకు. రసం పని అయాన్లకు దారి ఇవ్వడం, ఆమ్లాన్ని సమకూర్చడం. చాలా బోర్డుల మీద ‘రాగి అయాన్లు రాగిగా మారును’ అని రాసి, పక్కన 1.10 వోల్ట్ అని వేస్తారు. అది జింకు, రాగి పట్టీలు వేటి లవణ ద్రావణంలో అవి మునిగి ఉండే డేనియల్ సెల్ లెక్క. నిమ్మరసంలో రాగి లవణం ఎవరూ కలపలేదు కదా, ఆ అయాన్లు ఎక్కడి నుంచి వస్తాయి? విషయం తెలిసిన జడ్జి మొదట పట్టుకునే తప్పు ఇదే.

రెండో ఉచ్చు మల్టీమీటర్. ఒక నిమ్మకాయకు తగిలిస్తే 0.9 వోల్ట్ దాకా చూపిస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీకి 1.8 వోల్ట్ చాలు కాబట్టి రెండు కాయలు సరిపోవాలి. సరిపోవు. డిజిటల్ మీటర్ దాదాపు కరెంటు తీసుకోకుండానే కొలుస్తుంది, ఎల్‌ఈడీ మాత్రం కరెంటు తీసుకుంటుంది. కాయ అంతర్గత నిరోధం, అంటే కరెంటును లోపలే అడ్డుకునే గుణం, వందల నుంచి వేల ఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి కరెంటు ప్రవహించగానే వోల్టేజీ లోపలే కరిగిపోతుంది. ఒక కాయ నుంచి వచ్చేది సుమారు ఒక మిల్లీఆంపియర్, చాలాసార్లు అంతకంటే తక్కువే. టార్చి బల్బుకు వందల మిల్లీఆంపియర్లు కావాలి. నిమ్మకాయలతో టార్చి బల్బు వెలిగిస్తానని పూనుకున్న పిల్లవాడు ఎన్ని కాయలు వరసగా కలిపినా చీకట్లోనే కూర్చుంటాడు.

మంచి ప్రశ్న ఈ ఉచ్చులోనే ఉంది. ‘వెలుగుతుందా’ అని కాదు, ‘లోహపు పట్టీలు ద్రావణంలో మునిగిన లోతు పెరిగేకొద్దీ, 1 కిలోఓమ్ నిరోధకం మీద వోల్టేజీ ఎంత పెరుగుతుంది?’ అని అడగాలి. మార్చేది ఒకటే, లోతు. కొలిచేది ఒకటే, వోల్టేజీ. నిరోధకం విలువ 1 కిలోఓమ్ కావడంలో ఓ సౌకర్యం కూడా ఉంది. మీటర్ 0.45 వోల్ట్ చూపిస్తే కరెంటు 0.45 మిల్లీఆంపియర్లని లెక్క వేయకుండానే చెప్పొచ్చు.

ఇక నిమ్మకాయను పక్కనపెట్టాల్సిన ఘట్టం వస్తుంది. ఏ రెండు కాయల్లోనూ రసం, పులుపు, లోపలి పొరల అమరిక ఒకలా ఉండవు. కాయ మారిస్తే రీడింగ్ మారుతుంది, ఆ మార్పు లోతు వల్ల వచ్చిందో కాయ వల్ల వచ్చిందో తేల్చలేం. అందుకని చాలా కాయల రసం పిండి, వడకట్టి, ఒకే పాత్రలో కలపాలి. ఇంకా మేలైన దారి, సీసా మీద 5 శాతం అని రాసి ఉండే తెల్ల వెనిగర్. ‘అయ్యో, నిమ్మకాయ లేకపోతే ప్రాజెక్టు అందం పోతుందే’ అనిపిస్తే, ఇన్నాళ్లూ చూపిస్తున్నది అందమేనని ఒప్పుకున్నట్టే.

కావాల్సినవి: 2 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు ఉన్న జింకు పట్టీ ఒకటి, అదే కొలతల రాగి పట్టీ ఒకటి, 150 మి.లీ. పట్టే నిటారు గోడల ప్లాస్టిక్ గ్లాసు, 1 కిలోఓమ్ నిరోధకం, మొసలి క్లిప్పులున్న తీగలు నాలుగు, డిజిటల్ మల్టీమీటర్, సన్నటి గరుకు కాగితం, రిహార్సల్‌తో కలిపి 600 మి.లీ. వెనిగర్. జింకు పూత మేకులు వద్దు. గరుకు కాగితం రుద్దేకొద్దీ పూత పోయి లోపలి ఇనుము బయటపడుతుంది, వోల్టేజీ పడిపోతుంది, కారణం తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది. మందపాటి అట్టముక్కకు 3 సెం.మీ. ఎడంతో రెండు చీలికలు పెట్టి, గ్లాసు మీద మూతలా ఉంచి, పట్టీలను వాటిలోంచి దించాలి. ఈ అట్ట లేకుండా చేత్తో పట్టుకుని కొలిచిన రీడింగులు దేనికీ పనికిరావు, పట్టీల మధ్య ఎడం ప్రతిసారీ మారిపోతుంది.

పట్టీల మీద కింది అంచు నుంచి 1, 2, 3, 4 సెం.మీ. దగ్గర శాశ్వత మార్కరుతో గీతలు గీయాలి. గ్లాసులో 100 మి.లీ. వెనిగర్ పోసి, నిర్ణయించుకున్న లోతుకు పట్టీలు దించి, నిరోధకం కలిపి, సరిగ్గా 60 సెకన్లు ఆగి రీడింగ్ రాసుకోవాలి. ఆ ఆగడం లాంఛనం కాదు. కలిపిన వెంటనే అంకె ఎక్కువగా ఉండి, రాగి మీద హైడ్రోజన్ బుడగలు పేరుకునేకొద్దీ కిందికి జారుతుంది. ఒకసారి 5 సెకన్లకు, ఇంకోసారి రెండు నిమిషాలకు రాసుకుంటే తేడా అంతా బుడగలదే. ప్రతి రీడింగ్ తర్వాత పట్టీలను మంచినీళ్లతో కడిగి, అన్నిసార్లూ లెక్కపెట్టి ఒకే సంఖ్యలో రుద్ది, తుడవాలి. వాడిన వెనిగర్‌లో జింకు కరిగి ఉంటుంది, రుచి చూడకూడదు, పారబోయాలి.

ఎక్కువమంది కాలు జారేది కొలతల వరస దగ్గర. 1 సెం.మీ. దగ్గర అయిదుసార్లు, తర్వాత 2 దగ్గర అయిదుసార్లు అని వరసగా కొలుచుకుంటూ పోతే, లోతుతోపాటు ద్రావణం వయసు, పట్టీల అరుగుదల కూడా పెరుగుతాయి. వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. దానికి బదులు అయిదు విడతలు పెట్టుకోవాలి. ప్రతి విడతకూ కొత్తగా 100 మి.లీ. వెనిగర్, ఆ విడతలో నాలుగు లోతులూ ఒక్కోసారి, చీటీలు తీసి వచ్చిన వరసలో. మొత్తం 20 రీడింగులు. శుభ్రం చేసే సమయంతో కలిపి రెండు గంటల పని. దీనికి కనీసం వారం ముందు ఒక రిహార్సల్ విడత చేసి చూడాలి, వదులైన క్లిప్పు, మీటర్‌లో అయిపోవచ్చిన బ్యాటరీ లాంటివి అప్పుడే బయటపడతాయి.

అంకెలు వచ్చాక తొందరపడి సగటు తీసి ఊరుకోకూడదు. 2 సెం.మీ. దగ్గర 0.52, 0.55, 0.49, 0.54, 0.50 వచ్చాయనుకుందాం. సగటు 0.52, చెదురు, అంటే పెద్ద అంకెకూ చిన్న అంకెకూ తేడా, 0.06. 3 సెం.మీ. దగ్గర 0.59, 0.63, 0.58, 0.61, 0.59 వచ్చాయనుకుందాం. సగటు 0.60. రెండో గుంపులో అన్నిటికంటే చిన్న అంకె మొదటి గుంపులో అన్నిటికంటే పెద్దదానికన్నా పైనే ఉంది. ఇక్కడ ‘పెరిగింది’ అని ధైర్యంగా అనవచ్చు. అదే సగటుల తేడా 0.02 ఉండి, చెదురు 0.06 ఉంటే, ‘ఈ పద్ధతిలో తేడా తేల్చలేకపోయాం’ అని రాయాలి. అలా రాస్తే మార్కులు పోతాయని భయపడి అంకెలు దిద్దేవాళ్లుంటారు. నిజానికి 20 రీడింగులూ గీత గీసినట్టు కుదిరిన పట్టికనే అనుభవం ఉన్న జడ్జి అనుమానంగా చూస్తారు.

గ్రాఫు సరళరేఖ రాదు, రావాలని ఆశించనూ కూడదు. లోతు రెట్టింపయితే అంతర్గత నిరోధం సుమారు సగమవుతుంది గానీ, వోల్టేజీ ఎప్పటికీ లోడు లేనప్పటి, అంటే నిరోధకం కలపకుండా కొలిచిన, విలువను దాటదు. అందుకే వక్రం మొదట్లో నిటారుగా లేచి, పోనుపోను వాలుతుంది. ఇంకో మెట్టు ఎక్కాలనుకునే పెద్ద తరగతి విద్యార్థి, లోడు లేని వోల్టేజీని లోడు వోల్టేజీతో భాగించి, ఒకటి తీసేసి, వెయ్యితో గుణిస్తే అంతర్గత నిరోధం ఓమ్‌లలో వస్తుంది. దాన్ని లోతు విలోమానికి (1/లోతు) ఎదురుగా గీస్తే దాదాపు సరళరేఖ రావాలి. ఎక్కడ వంగిందో అక్కడ బుడగల ప్రభావం గురించి మాట్లాడటానికి సరుకు దొరికినట్టే.

వేరే ప్రాజెక్టులకూ ఇదే తర్కం. విత్తనాల మొలకలతో చేసేవాళ్లు ఒక్కో పరిస్థితికి మూడేసి గింజలు పెడతారు. అందులో ఒకటి పుచ్చుదైతే ఫలితం తలకిందులవుతుంది, 20కి తగ్గకూడదు. వంతెనలు, ఫిల్టర్లు కట్టేవాళ్లకు పరికల్పన, అంటే ఫలితం గురించి ముందే వేసే అంచనా, అక్కర్లేదు. ఎంత బరువు ఆగాలి, ఎంత మడ్డి తేరాలి అన్న లక్ష్యాన్ని అంకెల్లో ముందే రాసుకుని, మొదటి నమూనా ఎక్కడ విఫలమైందో చెప్పి రెండోది చూపిస్తే చాలు. ఇంట్లో బ్యాక్టీరియా పెంచే ఆలోచన మాత్రం మానుకోవడం మంచిది, ఏం పెరుగుతోందో తెలియదు, చాలా ఫెయిర్లు ఒప్పుకోవు.

నోట్‌బుక్ గురించి ఒక్క మాట. తేదీ వేసి, పెన్నుతో, జరిగినప్పుడే రాయాలి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, చింపకూడదు. ఫెయిర్ ముందురోజు రాత్రి ఒకే పెన్నుతో ముత్యాల్లాంటి దస్తూరీలో ‘ఫెయిర్ కాపీ’ రాసిన పుస్తకాన్ని జడ్జి రెండు పేజీలు తిప్పగానే గుర్తుపడతారు.

బోర్డు మీద మధ్య భాగం గ్రాఫుకు వదలాలి. శీర్షిక స్థానంలో ‘నిమ్మకాయ మాయ’ లాంటివి కాకుండా ప్రశ్ననే పెట్టాలి. అక్షరాలు మీటరున్నర దూరం నుంచి చదవగలగాలి, అంటే వివరణ పాఠం 24 పాయింట్లకు తగ్గకూడదు. రెండు అక్షాలకూ పేరు, యూనిట్ ఉండాలి. ఇది చెప్పడానికి చిన్నదే, మరచిపోయేవాళ్లే ఎక్కువ. అమ్మానాన్నలో టీచరో సాయం చేసిన భాగాన్ని ఒక వాక్యంలో రాసేయడం మంచిది, అడిగాక ఒప్పుకోవడం కన్నా గౌరవంగా ఉంటుంది. డెమో పెట్టనిస్తే పట్టీలను ఉదయమే ముంచి ఉంచొద్దు, మధ్యాహ్నానికి అంకె పడిపోతుంది. జడ్జి వచ్చాకే దించాలి. ఎల్‌ఈడీ చూపించాలంటే నల్ల కాగితంతో ఒక గొట్టం చుట్టి పెట్టుకోవాలి, హాలు లైట్ల వెలుగులో దాని మిణుకు కనిపించదు.

మాట్లాడటానికి రెండు నిమిషాలు లెక్కేసుకోవాలి. ప్రశ్న, ఎలా కొలిచారు, గ్రాఫు ఏం చెబుతోంది, ఎక్కడ నమ్మకం తక్కువ, ఈ వరసలో. బట్టీపట్టిన ఉపన్యాసం మధ్యలో జడ్జి అడ్డుతగిలితే మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాల్సి వస్తుంది, అందుకే వాక్యాలను కాకుండా మెట్లను గుర్తుపెట్టుకోవాలి. ‘60 సెకన్లే ఎందుకు?’, ‘నిరోధకం మారిస్తే ఏమవుతుంది?’ అన్నవి తప్పక వచ్చే ప్రశ్నలు. ‘మళ్లీ చేస్తే ఏం మారుస్తావు?’ అన్నది దాదాపు ప్రతి జడ్జీ అడిగేదే. దానికి ‘ఇంకా బాగా చేస్తాను సార్’ అన్న జవాబు వృథా. ‘పట్టీల వెనక వైపు కూడా ద్రావణంలో మునిగే ఉంది సార్. నేను ముందు వైపు వైశాల్యమే లెక్కలోకి తీసుకున్నా. ఈసారి వెనక వైపు ప్లాస్టిక్ టేపు అంటించి కొలుస్తాను’ అంటే, ఆయన తప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తారు.